ఉంది, ఉండు

మోటారు సైకిలు బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. గాలయ్యకు పని నేర్పినవాడు అలాగే నేర్పాడు. ఒకరు హ్యాండిల్ దగ్గర నిలబడి లీవరు నొక్కాలి. ఇంకొకరు చక్రం పక్కన కూర్చుని, ఆయిలు బయటికి వదిలే చిన్న మర, నిపిల్ తిప్పాలి. పైనున్న మనిషికి కింద ఏం జరుగుతోందో కనపడదు. కిందున్న మనిషికి పైన చెయ్యి ఏం చేస్తోందో కనపడదు. మధ్యలో ఒక మాట నడవాలి.

ఆ మాట "ఉంది".

లీవరును కొన్నిసార్లు నొక్కుతూ వదులుతూ ఉంటే చేతికి బిగువు తగులుతుంది. అప్పుడు గట్టిగా పట్టుకుని, పైనున్న మనిషి "ఉంది" అంటాడు. బలం ఉంది అని. కిందున్న మనిషి నిపిల్‌ను కొంచెం వదులు చేస్తాడు. బుడగలు కలిసిన ఆయిలు చిమ్ముతుంది. పైన లీవరు మెల్లగా హ్యాండిల్ దాకా దిగిపోతుంది. నిపిల్ బిగించాక కిందున్న మనిషి "వదులు" అంటాడు. అప్పుడే వదలాలి. ముందే వదిలితే గొట్టం బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. చేసిన పనంతా మళ్ళీ మొదటికి వస్తుంది.

హ్యాండిల్ పక్కకు తిప్పి, ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందికి చాచి ఒక్కరే చేసుకోవచ్చు. చాలామంది అలాగే చేస్తారు. గాలయ్య చెయ్యలేదు. పక్క కొట్టులో టైలరు ఉన్నాడు. పిలిస్తే మెడలో టేపుతోనే వస్తాడు. అంతకు మించిన కారణం గాలయ్య ఎప్పుడూ వెతకలేదు.

అతని అసలు పేరు ఆ వీధిలో ఎవరూ వాడరు. ఏ బండి వచ్చినా ముందు లీవరు నొక్కి చూసి "గాలి ఉంది" అంటాడు గనక గాలయ్య అయ్యాడు. ఆ పేరు పెట్టింది టైలరే. "ఆయనతో జాగ్రత్తండీ, ఎంతటివాళ్ళకైనా గాలి తీసేస్తాడు" అని కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్పేవాడు. వీధిలో ఆ జోకుకు నవ్వడం మానేసి చాలా కాలమైంది. టైలరు మాత్రం మానలేదు.

కొట్టు ఒక గది. దాని వెనక ఇంకో గది. ముందు గదిలో పని, వెనక గదిలో మంచం, స్టౌ, గోడకు కొట్టిన మేకుకు రెండు చొక్కాలు. బ్రేకు ఆయిలు రంగును తినేస్తుంది. రెండు గదుల మధ్య తలుపుకు వేసిన నీలం రంగు, అతని చెయ్యి రోజూ ఆనే చోట ఊడిపోయి కింద చెక్క కనపడేది. దాన్ని చూస్తే ఆ తలుపు తోసే చెయ్యి ఒక్కటేనని, ఎప్పుడూ ఒకే ఎత్తులో తోస్తుందని తెలిసిపోతుంది. పెళ్ళి మాట ఒకప్పుడు నడిచింది, ఆగిపోయింది. తర్వాత ఎవరూ కదపలేదు. అతనూ కదపలేదు.

వయసులో ఉన్నప్పుడు అతను ఇంజన్ల షెడ్డులో పనిచేశాడు. తగరపు రేకుల షెడ్డు. సైలెన్సరు విప్పేసిన ఇంజన్లను పొద్దంతా పరుగెత్తించి చూసేవాళ్ళు. ఆ చప్పుడు సాయంత్రం ఇంటికి కూడా వెంట వచ్చేది. అప్పట్లో అదొక గొప్పగా ఉండేది. తర్వాతెప్పుడో, సొంత కొట్టు పెట్టుకున్న చాలా ఏళ్ళకు, ఒక బండి ఇండికేటరు టిక్కుటిక్కుమనడం అతనికి వినపడలేదు. బల్బు వెలుగుతోంది, చప్పుడు లేదు. ఇండికేటరు పాడైందనుకుని మార్చాడు. కొత్తది కూడా చప్పుడు చెయ్యలేదు.

ఆ తర్వాత స్టౌ మీద నీళ్ళు మరిగే చప్పుడు పోయింది. ఆ తర్వాత మాటల చివరలు.

మన మాటల్లో ఉన్నదంతా చివరే ఉంటుంది. వచ్చాడో వచ్చిందో, వస్తాడో రాడో, అడుగుతున్నారో చెబుతున్నారో, అంతా ఆఖరి ముక్కలో తేలుతుంది. గాలయ్యకు ఆ ముక్కే అందడం లేదు. బండి ఇవ్వడానికి వచ్చినవాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళు బండి మీద పెట్టి, అంతా విన్నట్టు తల ఊపి, "చూద్దాం" అనేవాడు. చాలా మాటలకు చూద్దాం సరిపోతుంది. సరిపోని చోట మనుషులు అతనికి పొగరనుకున్నారు. అనుకోనిచ్చాడు.

అక్క ఫోన్ చేసేది. ఉన్న దగ్గరి మనిషి ఆమె ఒక్కతే. ఒకరోజు ఆమె చాలాసేపు మాట్లాడింది. బావ, కన్ను, ఆపరేషన్ అన్న మాటలు అందాయి. "మంచిదేగా అక్కా" అన్నాడు. ఆమె మళ్ళీ ఏదో అంది. "ఆ, ఆ, అదే మంచిది" అన్నాడు. ఫోన్ పెట్టేసిన చప్పుడు కూడా అతనికి వినపడలేదు. కాసేపు అలాగే చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. ఆపరేషన్ తర్వాత బావకు ఆ కంటి చూపు తిరిగి రాలేదని ఎవరో బంధువు కొట్టుకు వచ్చినప్పుడు తెలిసింది. ఆ రోజు అక్క చెప్పింది అదే. అక్క మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. తను చేస్తే ఆమె ఏమంటుందో వినాలి. అందుకని చెయ్యలేదు.

ఇంజన్ పని మానేశాడు. ఇంజన్ జబ్బంతా చప్పుడులో ఉంటుంది. "మసి పని నా వల్ల కాదు, బ్రేకులు చాలు" అని చెప్పుకున్నాడు. బ్రేకు చేతికి తెలుస్తుంది. నొక్కగా నొక్కగా బిగుసుకుంటే గాలి. నొక్కి పట్టుకున్నా మెల్లగా దిగిపోతుంటే పైన సిలిండరులో ఒత్తిడిని ఆపే కప్పు రబ్బరు పోయిందో, ఎక్కడో కారుతోందో. వీటికి చెవి అక్కర్లేదు. టైలరు "ఉంది" అనడం ఒక్కటే వినాలి. టైలరు ఎప్పుడూ ఆ ఒక్క మాటే అంటాడు గనక సగం వినిపించినా చాలు. రోజులో అతను మనిషితో నడిపే మాటలు చాలావరకు అవే. ఉంది, వదులు. ఉంది, వదులు.

తనకు చెవి పోయిందని తెలిస్తే జనం బండి ఇవ్వడం మానేస్తారని గాలయ్య భయం. బండి రాకపోతే టైలరును పిలిచే పనీ ఉండదు.

ఇంటింటికీ తిరిగి పురుళ్ళు పోసే నర్సు బండి వచ్చినప్పుడు ఇదీ అతని స్థితి.

"బాబాయ్, ముందు బ్రేకు మెత్తగా అయిపోయింది" అందామె. అతనికి ఎదురుగా నిలబడి మాట్లాడే అలవాటు ఆమెకుంది. కడుపుతో ఉన్నవాళ్ళ ముఖాలు చూస్తూ మాట్లాడీ మాట్లాడీ వచ్చిన అలవాటు.

గాలయ్య లీవరు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. "గాలి ఉంది."

"నాకేమో కొండ మీది ఇళ్ళకి పోవాలి. దిగేటప్పుడు గుండె గుప్పెట్లో పెట్టుకోవాల్సి వస్తోంది."

"చూద్దాం."

టైలరును పిలిచాడు. పాత ఆయిలు టీ రంగులో వచ్చింది, తర్వాత తేటగా వచ్చింది. బిగువుగానే ఉందనిపించింది. బండి ఇచ్చేశాడు. మర్నాడు ఆమె నడిపించుకుంటూ తిరిగొచ్చింది. ఎడమ చెప్పు అంచు అరిగిపోయి ఉంది. వాలులో లీవరు హ్యాండిల్‌కు తగిలిందట. వెనక బ్రేకు తొక్కి, గోడకు కాలు రాసి ఆపిందట.

గాలయ్య గొట్టం అతుకుల దగ్గర గుడ్డతో తుడిచి తడి కోసం చూశాడు. తడి లేదు. రాగి వాషర్లు మార్చాడు. మళ్ళీ టైలరును పిలిచాడు. ఈసారి కింద ఆయిలు ఒక్కోసారి చిమ్మింది, ఒక్కోసారి నీరసంగా కారి ఆగిపోయింది. నీరసంగా కారిందంటే పైన కప్పు రబ్బరు పోయినట్టు. సిలిండరు విప్పి రబ్బరు మార్చాడు. మళ్ళీ మెత్తగానే ఉంది. గొట్టం ఉబ్బుతోందేమోనని గొట్టం మార్చాడు. మెత్తగానే ఉంది. లీవరు బిగించి కట్టి రాత్రంతా ఉంచాడు, బుడగలు వాటంతట అవే పైకి లేస్తాయని. పొద్దున నొక్కితే దూదిలో వేలు దిగినట్టు దిగింది.

మొన్న బాగుచేసి ఇచ్చిన పాలాయన బండి కూడా తిరిగొచ్చింది. అదే జబ్బు.

"నీ దగ్గరికి వచ్చాక బ్రేకు ఉన్నదీ పోయింది కదయ్యా" అన్నాడు పాలాయన. గాలయ్యకు అది పూర్తిగా వినపడింది. తిట్లు చివర్లు మింగకుండా అంటారు.

నర్సు మాత్రం తిట్టలేదు. "బాబాయ్, రేపటికి కాకపోతే ఇంకో చోటికి తీసుకెళ్తాను. నీ మీద కోపం కాదు. ఆ వాలంటే భయం" అంది.

మర్నాడు పొద్దున టైలరు కొట్టు మూసి ఉంది. టైలరు ఎప్పుడూ అలా మూయడు. గాలయ్య షట్టరు దగ్గరికి వెళ్ళి రెండుసార్లు పిలిచాడు. లోపల్నుంచి ఎవరన్నా పలికారో లేదో తెలుసుకునే మార్గం అతనికి లేదు. తిరిగొచ్చాడు.

నర్సు వచ్చే వేళ కావస్తోంది. సన్నటి పారదర్శకపు గొట్టం ముక్క ఒకటి వెతికి నిపిల్‌కు తొడిగాడు. రెండో కొసను కొంచెం ఆయిలు పోసిన సీసాలో ముంచాడు. కొస ఆయిల్లో మునిగి ఉంటే, లీవరు ముందే వదిలినా లోపలికి వెళ్ళేది ఆయిలే గానీ గాలి కాదు. హ్యాండిల్ తిప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చెయ్యి పైకి చాచాడు, ఒక చెయ్యి కిందికి. భుజం పట్టేసింది. గొట్టంలో బుడగలు ఒకదాని వెనక ఒకటి నడిచాయి. తర్వాత విడివిడిగా వచ్చాయి. తర్వాత రాలేదు.

నిపిల్ బిగించి లీవరు నొక్కాడు. రాయి.

సంతోషం కలిగింది. అది ఎక్కువసేపు నిలవలేదు. బండిలో జబ్బు లేదు. రబ్బరూ గొట్టమూ అనవసరంగా మార్చాడు. ఒక్కడే చేస్తే కుదిరింది, ఇద్దరు చేస్తే కుదరలేదు. అయితే తప్పు ఆ రెండో మనిషిది.

టైలరు వచ్చి షట్టరు ఎత్తుతుండగానే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎక్కడికెళ్ళావు?"

"పనుండి బావా." టైలరు అందరినీ బావా అనడు. ఇతన్నొక్కడినే అంటాడు.

"నీకు లీవరు పట్టడం మర్చిపోయినట్టుంది. నేను తిప్పకముందే వదిలేస్తున్నావు. ఇవాళ నేనొక్కణ్ణే చేశా. చక్కగా వచ్చింది."

టైలరు షట్టరు వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇదెక్కడి చోద్యం! ఆగమంటే ఆగకుండా తిప్పేసేది నువ్వు, మాట పడేది నేనా?"

"ఎప్పుడాగమన్నావు?"

"ఎప్పుడేంటి, ప్రతిసారీ! చెయ్యి లాగేస్తే ఉండు అంటున్నా కదా. ఉండు, ఉండు అని నెత్తీ నోరూ బాదుకుంటుంటే నువ్వు తాపీగా తిప్పేస్తావు."

ఎదురుగా ఉన్నాడు గనక, పెదాలు కనపడుతున్నాయి గనక, గాలయ్యకు ఆ మాట పూర్తిగా అందింది.

"ఉంది అన్నావు."

"ఉండు అన్నాను."

"ఉంది అనే అన్నావు."

టైలరు ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. వెనక్కి తిరిగాడు. షట్టరు వైపు ముఖం పెట్టి ఏదో అన్నాడు. వీపు మాత్రమే కనపడుతోంది. గాలయ్యకు మాట మొదలు అందింది, మిగతాది ఇనపరేకుల్లో కలిసిపోయింది.

"ఏమన్నాను?" అని ఇటు తిరిగి అడిగాడు టైలరు.

గాలయ్య "ఉంది అన్నావు" అన్నాడు.

"ఉంగరం అన్నాను బావా."

ఆటో ఒకటి వాళ్ళను తప్పించుకుని వెళ్ళింది. హారన్ కొట్టిందేమో, టైలరు ఉలిక్కిపడ్డాడు. గాలయ్య పడలేదు.

"ఎన్నాళ్ళుగా?" అన్నాడు టైలరు.

"నీ చేతికేమైంది?" అన్నాడు గాలయ్య.

టైలరు అటూ ఇటూ చూసి కుడి చెయ్యి చాచాడు. బొటనవేలి మొదలు వాచి, ఎర్రగా నున్నగా ఉంది. "ఆసుపత్రికే వెళ్ళొచ్చా. కీలు అరిగిందంట. కత్తెర పట్టలేకపోతున్నా. కటింగంతా మా ఇంటావిడ లోపల కూర్చుని చేస్తోంది. నేను ఇక్కడ మిషను ముందు కూర్చుని చేసినట్టు కనపడతా." చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఎవరికీ చెప్పకు."

"నేనెవరికి చెప్తాను? నాతో మాట్లాడేదెవరు?"

టైలరు ఉన్నట్టుండి నవ్వాడు. "భలే జత కుదిరాం బావా. చెయ్యి లేనివాడు నొక్కడం, చెవి లేనివాడు తిప్పడం. ఇంక బ్రేకులోకి గాలేం ఖర్మ, గాలివానే వస్తుంది."

గాలయ్యకు అందులో సగం అందింది. నవ్వాల్సిన చోటని తెలిసి నవ్వాడు.

నర్సు వచ్చేసరికి పాలాయన కూడా తన బండి కోసం వచ్చి ఉన్నాడు. ఇంకా విప్పలేదని తెలిసి గొణుగుతున్నాడు. నర్సు లీవరు నొక్కి చూసింది. కళ్ళు పెద్దవి చేసింది. మళ్ళీ నొక్కింది.

"ఎక్కడుంది బాబాయ్ జబ్బు? ఇన్నాళ్ళు ఎందుకు దొరకలేదు?"

గాలయ్య చూద్దాం అనలేకపోయాడు. అయిపోయిన దానికి చూద్దాం సరిపోదు.

ఈలోగా పాలాయన అందుకున్నాడు. ముఖం ఇటే ఉంది గనక గాలయ్యకు అందింది. "నేను చెప్తానమ్మా. మొన్న నా బండికి చూశాగా. ఆ టైలరు నొక్కుతుంటే చెయ్యి వణుకుతోంది. చేతిలో సత్తువ లేదు మనిషికి. ఈయనేమో ఆయన్నే పిలుస్తాడు." టైలరు కొట్టు వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఏమయ్యా, నా ప్యాంటు గుడ్డ నీ దగ్గరే ఉంది కదా, ఆ చేత్తోనే కోస్తావా?"

టైలరు మిషను ముందు కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి గుడ్డ కింద పెట్టుకున్నాడు. అతని కొట్టు ముందు గుడ్డ ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళిద్దరు ఆగి చూస్తున్నారు. టైలరు ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి. ఇప్పుడు సూది వైపు చూస్తున్నాడు.

"ఆయన చేతికేం కాలేదు" అన్నాడు గాలయ్య. "నాకు చెవులు వినపడవు. ఆయన ఆగమంటే నేను తిప్పేశా. తప్పు నాది."

మామూలుగానే చెప్పాననుకున్నాడు. ఎంత గట్టిగా అన్నాడో అతనికి తెలియదు. ఎదురు వరసలో మందుల కొట్టాయన తల బయటికి పెట్టాడు. పైన మేడ మీద బట్టలు ఆరేస్తున్న మనిషి చెయ్యి ఆపింది. నడిచిపోతున్నవాళ్ళు నడక తగ్గించి, ఏమీ విననట్టు మళ్ళీ పెంచారు. వాళ్ళ ముఖాలు చూసి, తన గొంతు వీధంతా వెళ్ళిందని గాలయ్యకు అర్థమైంది.

పాలాయన కాసేపు అతన్నీ తన బండినీ చూశాడు. ఈసారి ఏమన్నాడో అందలేదు. నెమ్మదిగా అన్నాడు. జాలిగానే అని ఉండొచ్చు. బండి స్టాండు తీసి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

నర్సు వెళ్ళలేదు. దగ్గరికి వచ్చి, ముఖం ఎదురుగా పెట్టి, ఒక్కొక్క మాటా విడదీసి, "ఎప్పటినుంచి? డాక్టరుకి చూపించావా?" అంది. పసిపిల్లలతో మాట్లాడినట్టుంది. గాలయ్యకు అది నచ్చలేదు. అయినా ప్రతి ముక్కా అందింది. తల అడ్డంగా ఊపాడు. ఆమె ఆసుపత్రిలో ఏ గదికి రావాలో, ఏ రోజు రావాలో చెప్పింది. బండెక్కి, మలుపు దగ్గర ముందు బ్రేకు గట్టిగా పట్టి చూసుకుని, సాగిపోయింది.

ఆ తర్వాత బండ్లు తగ్గాయి. పూర్తిగా ఆగలేదు. వచ్చేవాళ్ళు రెండు రకాలు. కొందరు గుమ్మంలోంచే అరుస్తారు, అరిస్తే ముక్కలు ఇంకా చెదిరిపోతాయని తెలియక. కొందరు అసలు అతనితో మాట్లాడరు. టైలరు దగ్గరికి వెళ్ళి, "ఆయనకు చెప్పండి, వెనక బ్రేకు కూడా చూడమని" అంటారు. గాలయ్య అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, స్పానరు పట్టుకుని నిలబడి ఉంటాడు. తన గురించి తన ముందే మాట్లాడుకుంటుంటే చూస్తుంటాడు. ఇన్నాళ్ళూ పొగరనుకున్నవాళ్ళు ఇప్పుడు పాపం అంటున్నారు. పెదాల మీద ఆ మాట పోల్చుకోవడం తేలిక. పెదాలు మూడుసార్లు కలుస్తాయి.

ఆసుపత్రికి వెళ్ళాడు. చెవికి పెట్టుకునేది ఒకటి ఇస్తామన్నారు, రావడానికి సమయం పడుతుందన్నారు. పోయిన చివరలన్నీ దానితో తిరిగి వస్తాయని మాత్రం ఎవరూ అనలేదు.

పని ఇప్పుడు సీసాతో, గొట్టంతో సాగుతోంది. మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుంటాడు. ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద. గొట్టంలో బుడగలు నడవడం చూస్తాడు. బ్రేకులు మునుపటికంటే బాగా వస్తున్నాయి. ఎవరూ నొక్కనక్కర్లేదు, ఎవరూ ఏమీ అననక్కర్లేదు. పని అయిపోయాక లీవరు నొక్కి, బాగుందని చెప్పడానికి పక్కకు తిరుగుతాడు. పక్కన గోడ ఉంటుంది.

టైలరును పిలిచే అవసరం లేదు. టైలరే వస్తున్నాడు. సాయంత్రం, కొట్టు లోపల మిషను మీద వెలుతురు చాలని వేళకు, స్టూలు తెచ్చుకుని గాలయ్యకు ఎదురుగా, ఎండ తన ముఖం మీద పడేలా వేసుకుని కూర్చుంటాడు. ఎండకు కళ్ళు చికిలిస్తూనే మాట్లాడతాడు. ఇంటావిడ కాలరు తలకిందులుగా కోసిన సంగతి. తన లావు తాను ఒప్పుకోని పెద్దమనిషి నడుం కొలత సంగతి. ఇన్నేళ్ళూ పక్కపక్కనే ఉండి వాళ్ళిద్దరూ ఇంత మాట్లాడుకోలేదు.

ఒకరోజు టైలరు ఏదో పెద్ద కథ చెబుతున్నాడు. మధ్యలో గాలయ్య ఆపాడు.

"అందలేదు. మళ్ళీ చెప్పు."

టైలరు మళ్ళీ చెప్పాడు. చేతులు తిప్పుతూ, ఈసారి ఇంకా నెమ్మదిగా. గాలయ్య అతని పెదాల మీదే చూపు పెట్టాడు. ఎవరో వచ్చారు, లేక రాలేదు. ఏదో ఇచ్చారు, లేక ఇవ్వమన్నారు. రెండోసారి కూడా కథ చివర జారిపోయింది. తల ఊపాడు.

టైలరు అతని ముఖంలోకి చూశాడు. అందలేదని అతనికి తెలిసింది. తెలిసిందని గాలయ్యకూ తెలిసింది. టైలరు స్టూలు కొంచెం ముందుకు జరుపుకుని, ఇంకో సంగతి ఎత్తుకున్నాడు.